మా ఇంట్లో ఒక విద్యార్థి

(రాసి, పోస్టు చెయ్యకుండా బైబిల్లో పెట్టిన ఉత్తరం)

సఖినేటిపల్లి,
జూలై 8.

కాకినాడలో పోస్టు ద్వారా డాక్టరు పరీక్షకి చదివించేవారికి,

అయ్యా, వందనాలండి. నా పేరు జ్ఞానప్రకాశం. వయసు అరవై ఆరు. ఇక్కడ గోదారి రేవులో పంటు మీద ముప్పై ఎనిమిదేళ్ళు తాడు పట్టేను. పదో తరగతి ఆ రోజుల్లోనే ప్యాసయ్యేను. ఇంటరు మొన్న వేసవిలో ప్యాసయ్యేను, ఓపెన్లో, బైపీసీ. నాకు డాక్టరు చదవాలని ఉందండి. నీట్ పరీక్షకి పై వయసు ఇంత అని లేదని పేపర్లో పడింది. ఆ ముక్క కత్తిరించి రెండేళ్ళ నుంచీ దాచేను. మీ పాఠాలు నాకు పంప

(ఇక్కడితో ఆగిపోయింది.)


సఖినేటిపల్లి,
జూలై 9.

వైద్యమిత్ర పోస్టల్ కోచింగ్ వారికి,

వందనాలండి. మా ఇంట్లో ఒక విద్యార్థి ఉన్నాడండి. డాక్టరు పరీక్ష రాస్తాడట. ఓపెన్ ఇంటరు ప్యాసయ్యేడు. పాఠాలు పంపగలరు. ఫోను మాత్రం చెయ్యకండి. ఫోన్లో నాకు మాట పెగలదు.

ఇట్లు,
జ్ఞానప్రకాశం.

తా.క.: పాఠాలు పెద్ద అక్షరాలతో ఉంటే మంచిదండి.


కాకినాడ,
జూలై 20.

శ్రీ జ్ఞానప్రకాశం గారికి,

నమస్కారం. నేను త్రిమూర్తులుని, జంతుశాస్త్రం లెక్చరర్ని. పోస్టు విభాగమంతా నేనే. మిగతా విద్యార్థులందరూ సెల్‌ఫోను యాప్‌లోకి వెళ్ళిపోయారు, పోస్టులో ఈ ఏడాది నలుగురే మిగిలారు. మా గదిని కూడా మేడమెట్ల కిందకి మార్చేశారు. అంచేత కవరు మీద స్టాంపు చూసేసరికి నాకు ప్రాణం లేచివచ్చింది.

విద్యార్థి మీ మనవడే అనుకుంటాను. మొదటి కట్ట పాఠాలు పంపుతున్నాను. ప్రతి పాఠం చివర ప్రశ్నలుంటాయి, జవాబులు రాయించి పంపండి, దిద్ది పంపుతాను. ఇకపోతే ఇంట్లో పెద్దవారు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. సెల్‌ఫోను చేతికివ్వకండి. సినిమాలు మానిపించండి. క్రికెట్టు ఆడనివ్వకండి. స్నేహితుల్ని గుమ్మం తొక్కనివ్వకండి, సగం మంది పిల్లలు చెడేది వాళ్ళ వల్లే. తెల్లవారుజామున నాలుగింటికల్లా లేపండి. లేవకపోతే మొహం మీద నీళ్ళు కొట్టండి, జాలిపడకండి. రోజూ పది బాదంపప్పులు నానబెట్టి నమిలించండి. కళ్ళు ఒకసారి చూపించండి.

అబ్బాయికి నా ఆశీస్సులు.

భవదీయుడు,
త్రిమూర్తులు.

తా.క.: అబ్బాయి పేరు రాయడం మరిచిపోయారు.


సఖినేటిపల్లి,
ఆగస్టు 2.

లెక్చరరు గారికి వందనాలండి.

పాఠాలు అందేయి. అక్షరాలు పెద్దవే, సంతోషం. విద్యార్థి పేరు కూడా నా పేరేనండి, జ్ఞానప్రకాశం.

మీరు చెప్పినవన్నీ చూసేను. సెల్‌ఫోను ఉంది గాని పచ్చది నొక్కడం, ఎర్రది నొక్కడం తప్ప తెలీదు. సినిమా చూసి పదిహేనేళ్ళు దాటింది. క్రికెట్టు ఆడడు, మోకాళ్ళు సహకరించవు. స్నేహితులు ఇద్దరుండేవారు. జోజి పోయేడు. కృపారావుకి వినబడదు, వచ్చి కాసేపు కూర్చుని వెళ్తాడు, చదువుకి అడ్డం లేదు. నాలుగింటికి లేపక్కర్లేదండి, మూడింటికే లేచి కూర్చుంటాడు. కళ్ళు రెండిటికీ శుక్లాలు తీయించేం. బాదంపప్పు నమలలేడు, పై వరసలో పళ్ళు లేవు. నూరి పెడుతున్నాను.

మీ ఆశీస్సులు అందజేసేను.

ఇట్లు,
జ్ఞానప్రకాశం.

తా.క.: నీళ్ళు కొట్టే అవసరం రాలేదండి.


కాకినాడ,
ఆగస్టు 14.

శ్రీ జ్ఞానప్రకాశం గారికి,

నమస్కారం. తాతగారి పేరు మనవడికి పెట్టుకున్నారు, ముచ్చటగా ఉంది. కానీ మీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచీ నా మనసు మనసులో లేదు.

సినిమా చూసి పదిహేనేళ్ళంటే, ఆ అబ్బాయి మూడో ఏటనో నాలుగో ఏటనో చూసిందే ఆఖరు అన్నమాట. నేను మానిపించమన్నది నిజమే గాని ఇంత కఠినంగా కాదండీ! నెలకొకటి చూపించండి. పాపం, ఇద్దరు స్నేహితుల్లో ఒకడు పోయి, ఒకడికి చెవులు వినబడకపోతే పసిమనసు ఏమైపోవాలి? వాణ్ణి రోజూ రానివ్వండి. ఈ వయసులో శుక్లాలంటే పుట్టుకతో వచ్చినవే అయ్యుంటాయి, దివ్యాంగుల కోటా సర్టిఫికెట్టుకి ఇప్పుడే అర్జీ పెట్టండి. మోకాళ్ళు కూడా అందులో చేర్చవచ్చు. పళ్ళు ఎలా పోయాయి? ఎవరైనా కొట్టారా? దాచకుండా రాయండి.

మూడింటికే లేచి కూర్చుంటున్నాడంటే లోపల ఏదో బాధ ఉంది. ప్రేమ వ్యవహారమేమో. గద్దించకండి. పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అడగండి.

భవదీయుడు,
త్రిమూర్తులు.

తా.క.: జవాబులు దిద్ది పంపుతున్నాను. అబ్బాయి చేతిరాత అచ్చు మీ చేతిరాతే. పెంపకమంటే అలా ఉండాలి.


సఖినేటిపల్లి,
ఆగస్టు 25.

లెక్చరరు గారికి వందనాలండి.

పళ్ళు ఎవరూ కొట్టలేదండి. వాటంతటవే వదులై ఊడిపోయేయి. కోటా వద్దండి, ఇప్పుడు బాగానే కనబడుతోంది.

మీరన్నట్టు మెల్లగా అడిగేను. చెప్పేడు. ప్రేమ ఒక్కటేనండి. దీనమ్మ అని. పెళ్ళి కూడా ఆవిడతోనే అయింది. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళు. మూడింటికి లేచి టీ పెట్టేది. ఇప్పుడు పెట్టేవాళ్ళు లేరు గాని మెలకువ మాత్రం ఆ వేళకే వస్తోంది.

ఇట్లు,
జ్ఞానప్రకాశం.

తా.క.: సినిమాకి వెళ్ళమంటే వెళ్ళనన్నాడండి.


కాకినాడ,
సెప్టెంబరు 4.

జ్ఞానప్రకాశం గారికి,

నమస్కారం పెట్టడానికి చేతులు రావడం లేదు.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అయిదోసారి మా ఆఫీసులో క్రిస్టీనా గారి చేత చదివించాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ చదివి, వేళ్ళ మీద లెక్కపెట్టారు. ఆవిడకీ అలాగే వచ్చింది. ఇంటరు ప్యాసైన కుర్రాడికి పద్దెనిమిది, మహా అయితే ఇరవై. భార్య పోయి తొమ్మిదేళ్ళు. అంటే పదేళ్ళ పసివాణ్ణి పీటల మీద కూర్చోబెట్టారు మీరు! ఆ పిల్లకెన్నేళ్ళో తలుచుకోవడానికే నాకు భయం వేస్తోంది. మూడింటికి లేచి టీ కూడా పెట్టించారు!

ఇది ఏ కాలమండీ? బాల్యవివాహం నేరమని మీ ఊళ్ళో ఎవరికీ తెలియదా? పెళ్ళికి వచ్చి భోజనాలు చేసిన అంతమందిలో ఒక్కరికి నోరు లేవలేదా? నేను పై అధికారులకి రాయాలి. మీ వయసుకి మర్యాద ఇచ్చి పదిహేను రోజులు ఆగుతున్నాను. అబ్బాయి అసలు వయసెంతో, ఈ చదువు వాడికై వాడు కోరుకున్నదో, మీరు బలవంతంగా రుద్దుతున్నదో, ఉన్నదున్నట్టు రాయండి.

త్రిమూర్తులు.

తా.క.: గుండె పాఠంలో అబ్బాయికి నూటికి తొంభై ఆరు. నా సర్వీసులో ఆ పాఠానికి అన్ని మార్కులు ఎవరికీ వెయ్యలేదు. ఫిజిక్సు మా ఫిజిక్సు మేష్టారు దిద్దారు, అందులో ముప్పై ఒకటి. ఆ సంగతి తరవాత చూద్దాం.


సఖినేటిపల్లి,
సెప్టెంబరు 12.

లెక్చరరు గారికి వందనాలండి.

పెళ్ళి వయసొచ్చాకే అయిందండి. ఆవిడకీ వచ్చింది. చర్చిలో అయింది, రిజిస్టరులో ఉంది. విద్యార్థికి ముప్పై దాటింది. చదువు ఆలస్యంగా మొదలెట్టేడు. ముందే రాయవలసింది. సిగ్గుపడ్డాను.

వాడు పంటు మీద తాడు పట్టేవాడండి. మీవైపు పంటు ఉందో లేదో. రెండు పడవలు కలిపి పైన చెక్కలు పరిచినట్టుంటుంది. మనుషులూ బళ్ళూ ఆటోలూ అన్నీ ఎక్కుతాయి. ఒడ్డు రాగానే తాడు విసిరి గుంజకి చుట్టాలి, అందరూ దిగేదాకా వదలకూడదు. అదే పని. నరసాపురం ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు ఈ పక్క నుంచి ఆ పంటు మీదే వెళ్ళేవారు. మంచాల మీద తెచ్చేవారు, తరవాత ఆటోల్లో. పంటు మీద నలుగురు పుట్టేరండి. ఏడుగురు పోయేరు. పుట్టినప్పుడూ పోయినప్పుడూ వాడి చేతిలో తాడే ఉంది.

ఒక డాక్టరమ్మగారు రోజూ దాటేవారు. దాటడానికి పదకొండు నిమిషాలు. వాడు ఆవిడ సంచీ వైపు చూస్తూంటే కనిపెట్టి, ఒకరోజు నాడి ఎలా చూడాలో చూపించేరు. అప్పట్నుంచి రోజుకి పదకొండు నిమిషాలు పాఠం చెప్పేవారు. వాడు నోరు తెరిచి ఏదీ అడగలేదు. ఆవిడే చెప్పేరు, అయిదేళ్ళు. ఒడ్డు రాగానే పాఠం ఆగిపోయేది. ఒంట్లో రక్తం గుండెలోకి ఎలా వస్తుందో ఒకరోజు చెప్పేరు. గుండెలోంచి ఎలా వెళ్తుందో చెప్పేలోగా ఒడ్డొచ్చేసింది. మర్నాడు ఆవిడ రాలేదు. బదిలీ అయిందన్నారు. ఇంటరు పుస్తకంలో బోధపడని ఆ మిగిలిన సగం మీ పుస్తకంలో నూట పన్నెండో పేజీలో ఉందండి. వాడు ఇరవై మూడేళ్ళు ఆగి చదివేడు.

దీనమ్మ కూడా పంటు మీదే పోయింది, నడి గోదారిలో. ఆవేళ తాడు ఇంకొకరు పట్టేరు. వాడు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. నాడి ఆగిపోవడం వాడికి తెలిసిందండి. ఆగకుండా ఏం చెయ్యాలో తెలీలేదు. అది తెలుసుకోవాలని ఉంది.

ఎవరూ రుద్దలేదండి.

ఇట్లు,
జ్ఞానప్రకాశం.

తా.క.: అధికారులకి రాయకండి. వస్తే టీ ఇవ్వడానికి ఇంట్లో ఒక్కటే గ్లాసుంది.


కాకినాడ,
సెప్టెంబరు 24.

పూజ్యులైన జ్ఞానప్రకాశం గారికి,

నన్ను క్షమించండి. నమస్కారం పెట్టనన్న చేతులతోనే రెండుసార్లు పెడుతున్నాను.

మీ ఉత్తరం స్టాఫు గదిలో చదివాను. ఫిజిక్సు మేష్టారు ఎవరితోనూ మాట్లాడరు. ఆయన లేచి బయటికి వెళ్ళిపోయారు. తరవాత వచ్చి, 'ఆ ముప్పై ఒకటి ముప్పై అయిదు చెయ్యండి, నేనే కాస్త గట్టిగా దిద్దేను' అన్నారు. క్రిస్టీనా గారు శనివారం ఉపవాసముండి ప్రార్థన చేస్తున్నారు. మీ మనవడని ఇన్నాళ్ళూ అనుకున్నాను, ఇప్పుడు చూస్తే ముప్పై దాటినవాడు కాబట్టి కొడుకేమో కూడా. ఎవరైనా సరే, మీ లెక్కలేవో ఇరవై మూడేళ్ళని ఒకచోట, తొమ్మిదేళ్ళని ఒకచోట ఉన్నాయి, నాకు సరిగ్గా అతకలేదు. క్రిస్టీనా గారు లెక్కపెడతానంటే వద్దన్నాను. ఒకసారి లెక్కపెట్టి చేసిన పాపం చాలు.

చిన్నవయసులో భార్య పోయి, పళ్ళు పోయి, చూపు పోయి వచ్చి, మోకాళ్ళు అరిగి, ఇంకా చదువుకుంటానంటున్నాడు. ముప్పై ఏళ్ళుగా పిల్లల్ని తోముతున్నాను గాని ఇలాంటివాణ్ణి చూడలేదు. నేను ఏ విద్యార్థి పరీక్షకీ వెళ్ళలేదు. ఈసారి వస్తాను. గేటు దగ్గర వాడి భుజం తట్టి లోపలికి పంపుతాను. వాణ్ణి ఎలా గుర్తుపట్టాలో రాయండి.

మీ
త్రిమూర్తులు.

తా.క.: ఇంకొక గ్లాసు కొని పంపుతున్నాను. పగలకుండా అందితే రాయండి.


సఖినేటిపల్లి,
ఏప్రిల్ 26.

లెక్చరరు గారికి వందనాలండి.

గ్లాసు సంగతి అప్పుడే రాసేను గదండీ, పగల్లేదు. పాఠాలన్నీ అయిపోయేయి. ఫిజిక్సు రెండుసార్లు చదివేడు. రెండోసారి కూడా కొత్తగానే ఉందన్నాడు.

హాల్ టికెట్టు వచ్చింది. సెంటరు అమలాపురం దగ్గర ఒక స్కూల్లో పడింది. ఫొటోలో చెవులు రెండూ కనబడాలన్నారట. కనబడ్డాయి.

మీరు మాత్రం రావద్దండి. ఎండలో అంతదూరం. వాడికి సిగ్గు. మిమ్మల్ని చూస్తే చదివింది కూడా మరిచిపోతాడు.

ఇట్లు,
జ్ఞానప్రకాశం.

తా.క.: కోపం తెచ్చుకోకండి. మీ ఉత్తరాలన్నీ చదువుకుంటాడు.


కాకినాడ,
ఏప్రిల్ 29.

జ్ఞానప్రకాశం గారికి,

నమస్కారం. సరే, రాను. అబ్బాయి మనసు ముఖ్యం.

పొట్టిచేతుల చొక్కా వెయ్యండి. బూట్లు వద్దు, చెప్పులే. లోపల నీళ్ళు తాగే సీసా పారదర్శకంగా ఉండాలి. గేటు సరిగ్గా ఒంటిగంటన్నరకి మూసేస్తారు, దేవుడు దిగివచ్చినా తియ్యరు. పన్నెండింటికల్లా అక్కడ ఉంచండి. జీవశాస్త్రం ముందు రాయమనండి.

విజయీభవ అన్నానని చెప్పండి.

మీ
త్రిమూర్తులు.

తా.క.: ఆరోజు మీరు మాత్రం ఎండలో నిలబడకండి. పెద్దవారికి షామియానా వేస్తారు.


సఖినేటిపల్లి,
మే నెల, పరీక్ష అయిన మూడో రోజు.

లెక్చరరు గారికి వందనాలండి.

పరీక్ష రాయలేదండి.

విద్యార్థి నేనే. వయసు అరవై ఆరు, వచ్చే నెలకి అరవై ఏడు. ముప్పై దాటిందని రాసింది అబద్ధం కాదు గాని, అబద్ధమేనండి. మొదటి ఉత్తరం నిజమే రాసేను. పోస్టు చెయ్యలేకపోయేను. నవ్వుతారనుకున్నాను.

పరీక్షకి ముందు ఆదివారం మా చర్చిలో ప్రార్థన చీటీ వేసేను, 'మా ఇంట్లో ఒకరికి పరీక్ష' అని. పాస్టరుగారు మైకులో నా పేరుతో సహా చదివేరు. బయటికి రాగానే మా వదిన పాపాయమ్మ పట్టుకుంది. 'ఏమయ్యా మరిదీ, నీ ఇంట్లో నువ్వూ పిల్లీ తప్ప ఎవరున్నారూ, పిల్లి రాస్తోందేటి పరీక్ష?' అంది. ఆయ్ అన్నానండి. ఎవరేమన్నా ఒప్పేసుకోవడం, నాకదే వస్తుంది.

పరీక్ష రోజు పదకొండున్నరకే వెళ్ళేను. లైన్లో నుంచున్నాను. ముందూ వెనకా పిల్లలు, పుస్తకాలు తిరగేసుకుంటున్నారు. నా వెనకమ్మాయి 'తాతగారూ, ఇది పేరెంట్స్ లైను కాదండీ' అంది. ఆయ్ అన్నాను గాని కదల్లేదు. గేటు ఇంకా ఇరవై మంది దూరంలో ఉంది.

అప్పుడు ఒకాయన గొడుగేసుకుని వచ్చేరు. యాభై పైబడిన మనిషి. 'పెద్దాయనా, ఎండలో మీకెందుకండీ ఈ అవస్థ, పిల్లల్ని వెళ్ళనివ్వండి, రండి' అని చెయ్యి పట్టుకున్నారు. పరీక్ష నాదండీ అనాలి. రెండు మాటలు. గొంతుదాకా వచ్చేయి. ఆయన గొడుగు నా మీదకి వంచి తాను ఎండలో నడుస్తున్నారు. అంత మర్యాదగా పిలిచిన మనిషిని కాదనడం ఎలాగండీ. ఆయ్ అన్నాను.

షామియానాలో కుర్చీ వేసేరు. మజ్జిగ తెచ్చిచ్చేరు. తాగకుండా లేస్తే బాగుండదు. తాగి లేద్దామంటే ఇంకో గ్లాసు తెచ్చేరు. 'మీ మనవడాండీ లోపల?' అన్నారు. ఆయ్ అన్నాను. ఆయన కూర్చునేవారు, లేచి గేటు దాకా వెళ్ళేవారు, మళ్ళీ వచ్చేవారు. నేను వాచీ చూస్తున్నాను. ఒంటిగంటా ఇరవై అయింది. అప్పుడు లేచేనండి. హాల్ టికెట్టు జేబులోంచి తీసేను. ఈసారి అనేద్దామని ఆయన వైపు తిరిగేను.

ఆయన కుర్చీలో పక్కకి ఒరిగి ఉన్నారు.

చొక్కా తడిసిపోయింది. చెయ్యి చల్లగా ఉంది. మే నెల చెమట అలా ఉండదండి. నాడి చూసేను. మూడు కొట్టి ఒకటి మింగుతోంది. మైకులో గేటు వేసేస్తున్నాం, వేసేస్తున్నాం అని చెబుతున్నారు. నేను చెయ్యి వదల్లేదు. కూర్చోబెట్టి గుండీలు తీసి, ఎవర్నో ఆటో పిలవమన్నాను. ఆయనకి తెలివొచ్చి, 'ఏం లేదు, గ్యాసండి, సాయంత్రం చూపించుకుంటాను, మా పిల్లాడొకడు లోపలున్నాడు' అన్నారు. 'సాయంత్రం కాదు, ఇప్పుడే. ఇంటికి కాదు, ఆసుపత్రికి' అన్నాను. గట్టిగానే అన్నానండి. ఆయన నా మొహం చూసి 'ఆయ్' అన్నారు. నా జన్మలో ఒకరి చేత ఆయ్ అనిపించడం అదే.

నేనూ వెళ్దామంటే ఆటోలో ఇంకిద్దరు ఎక్కేసేరు. తిరిగి చూస్తే గేటు మూసి ఉంది.

సాయంత్రం అయిదింటిదాకా అక్కడే కూర్చున్నాను. పిల్లలంతా బయటికి వస్తూంటే చూసేను. ప్రశ్నలు కష్టంగా ఉన్నాయని ఏడుస్తున్నారు కొంతమంది. ఏడవడానికైనా లోపలికి వెళ్ళేరు గదా అనుకున్నాను.

ఇంక పాఠాలు పంపక్కర్లేదండి. మిమ్మల్ని ఏడాది మోసం చేసేను. మీ ఆశీస్సులన్నీ నేనే తీసుకున్నాను. తిరిగి ఇచ్చే వీలు లేదు.

ఇట్లు,
మీ విద్యార్థి,
జ్ఞానప్రకాశం.

తా.క.: ఆయన పేరు అడగలేదండి. ఎలా ఉన్నారో తెలీదు.


కాకినాడ, ఆసుపత్రి నుంచి,
మే 19.

ఏమని సంబోధించాలో తెలియక అరగంట కూర్చున్నాను. ఇన్నాళ్ళూ అబ్బాయి అన్నాను, వాడు అన్నాను, మొహం మీద నీళ్ళు కొట్టమన్నాను.

జ్ఞానప్రకాశం గారూ, నేను చెబుతూంటే క్రిస్టీనా గారు రాస్తున్నారు. మధ్యలో తడిసినచోట్లు ఆవిడవి.

గొడుగు మనిషిని నేనే.

రానని రాసి వచ్చాను. తెల్లవారుజామునే బస్సెక్కాను. ముప్పై దాటి, మందపాటి కళ్ళజోడుతో, కుంటుతూ వచ్చే కుర్రవాడు ఎవడా అని గేటు దగ్గర ప్రతి మొహమూ వెతికాను. ఇద్దరు కుంటివాళ్ళని పట్టుకుని 'నాయనా, నీది సఖినేటిపల్లా?' అని అడిగాను. ఒకడు బండి మీంచి పడ్డాడట, ఇంకొకడికి చెప్పు తెగింది. లైన్లో ఒక పెద్దాయన పొడుగ్గా నిలబడి వెనకవాళ్ళ మొహాలు కనబడనివ్వడం లేదు. ఆయన్ని పక్కకి తప్పిస్తే మా వాడు కనబడతాడని చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. ఆయన మళ్ళీ లేచి అడ్డం రాకుండా రెండో గ్లాసు మజ్జిగ కూడా ఇచ్చాను.

ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క విద్యార్థిని పరీక్ష రాయకుండా ఆపానండీ. అది కూడా మర్యాదగా ఆపాను.

మీరు ఆటో ఎక్కించాక అమలాపురంలో చూసి, వెంటనే కాకినాడ పంపారు. గుండెకి వెళ్ళే దారిలో రెండు చోట్ల అడ్డు ఉందట, తీశారు. సాయంత్రం దాకా ఆగి ఉంటే నాతో మాట్లాడవలసిన పని ఉండేది కాదని పెద్ద డాక్టరుగారు చెప్పారు. ఆయన చెప్పిన తీరు చూస్తే ఆయనకి కూడా పదకొండు నిమిషాల పాఠం కావాలి.

పాఠాలు ఆపమన్నారు. ఆపను. మా వాళ్ళు జూన్ నుంచి పోస్టు విభాగం ఎత్తేస్తున్నారు, క్రిస్టీనా గారు ఇప్పుడే చెప్పారు. ఎత్తేయనివ్వండి, పాఠాలు మా ఇంటి నుంచి వస్తాయి. కాగితాలకే కాదు, మీకు ఎదురుగా కూర్చుని చెప్పే మనిషి కావాలి, ముఖ్యంగా ఫిజిక్సుకి. ఫిజిక్సు మేష్టారు నిన్న చూడవచ్చి, తాను కూడా నెలకోసారి వస్తానని ఆయనంతట ఆయనే అన్నారు. నన్ను మెట్లెక్కవద్దన్నారు గాని మీ ఊరు రావద్దనలేదు. మళ్ళీ మే వస్తుంది. ఆరోజు నేను షామియానాలో కూర్చుంటాను. ఎంతమంది మజ్జిగ ఇచ్చినా మీరు తాగకండి.

ఒక్కటి మాత్రం అడుగుతాను. ఇక మీదట విద్యార్థి గురించి రాసేటప్పుడు 'నేను' అని రాయండి.

మీ గురువు, ఆపైన మీ పేషెంటు,
త్రిమూర్తులు.

తా.క.: ఇక్కడ చేర్చిన రోజున కంప్యూటరు దగ్గరమ్మాయి 'మిమ్మల్ని మొదట చూసి పంపిన డాక్టరెవరండీ?' అని అడిగింది. పేరు తెలియదమ్మా అన్నాను, ఆ గడి ఖాళీగా వదిలేసింది. మీ ఉత్తరం అందగానే క్రిస్టీనా గారిని పంపి రాయించాను. ఆయన డాక్టరు కాదమ్మా, ఉత్త పేరే కొట్టమని చెప్పించాను కూడా. ఆ గడిలో ఏ పేరు కొట్టినా ముందు 'డా.' అని దానంతటదే పడుతుందట, తియ్యడానికి వీలు లేదట. కాగితం ఈ కవర్లోనే పెట్టాను. చూసుకోండి.